ఏ దళం కెప్టెన్?

వేదిక మీది పెద్దలకు, ముందు వరసలో ఉన్న మాజీ సైనికులకు, వారి కుటుంబాలకు నమస్కారం. సాయుధ దళాల పతాక దినోత్సవం కదా, విరాళాల గురించి మాట్లాడమన్నారు. మాట్లాడతాను. ముందు ఒక్క మాట.

ఆహ్వాన పత్రికల్లో ‘కెప్టెన్’ అని వేసి ఊరుకుంటున్నారు. ఏ దళం కెప్టెన్? ఆర్మీ కెప్టెన్‌కి భుజం మీద 3 నక్షత్రాలు. 2 ఏళ్ల సర్వీసుకు వచ్చే హోదా అది. నేవీలో ఆ హోదాను లెఫ్టినెంట్ అంటారు. నేవీ కెప్టెన్‌కి ఉండేవి 4 బంగారు చారలు. ఆయన ఆర్మీ కల్నల్‌తో, వైమానిక దళ గ్రూప్ కెప్టెన్‌తో సమానం. పెద్ద యుద్ధనౌకను వందల మందితో సహా అప్పగించే స్థాయి! ఆయన్ని పాతికేళ్ల కుర్రవాడి పక్కన కూర్చోబెడితే తప్పు ఎవరిది? పత్రిక వేసినవాళ్లదే.

ర్యాంకు సమానమైతే అధికారమూ సమానమేనా? కాదు. నౌక ఎక్కిన కల్నల్ కూడా నౌక అధిపతి చెప్పినట్టు నడుచుకోవాలి, ఆ అధిపతి కల్నల్ కంటే తక్కువ హోదా ఉన్న లెఫ్టినెంట్ కమాండరే అయినా సరే.

వెనక నిలబడ్డ పిల్లలూ, ఇది మీకు. వైమానిక దళంలో కార్పొరల్‌గా, అంటే అధికారి కాని చిన్న హోదాలో ఉంటూ ఆర్మీ అధికారి కావచ్చు. సర్వీసులో ఉన్నవాళ్లని అధికారులుగా తయారుచేసే ఆర్మీ క్యాడెట్ కాలేజీకి ఇంటర్ చదువు, 2 ఏళ్ల సర్వీసు, 20 నుంచి 27 ఏళ్ల లోపు వయసు కావాలి. రాతపరీక్ష, అధికారుల ఎంపిక బోర్డు ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూ, వైద్యపరీక్ష దాటితే డెహ్రాడూన్‌లోని ఆ కాలేజీలో 3 ఏళ్లు, ఆపైన ఐఎంఏలో, అంటే ఇండియన్ మిలిటరీ అకాడమీలో 1 ఏడాది శిక్షణ. నిన్నటిదాకా మీ పూచీ మీ చేతిలోని విమానం పని. ఆర్మీలో కెప్టెన్ కంటే ఒక మెట్టు కిందుండే లెఫ్టినెంట్ అయ్యాక 30 మందికి పైగా జవాన్ల తిండి, ఆయుధాలు, సెలవులు, ప్రాణాలు. పక్కనుండే సుబేదార్, అంటే జవానుగా చేరి పైకొచ్చిన జూనియర్ అధికారి, హోదాలో మీకంటే కింద, సర్వీసులో మీకంటే ఎంతో పెద్ద. ఆయన్ని అడగకుండా ఆర్డరు వేసిన కొత్త అధికారి త్వరగానే చిక్కుల్లో పడతాడు.

అన్నట్టు, తప్పుచేస్తే శిక్ష ఎవరు వేయాలో చెప్పే చట్టం సంగతి. ఆర్మీకి, వైమానిక దళానికి 1950 చట్టాలు, నేవీకి 1957 చట్టం. మూడు దళాలూ కలిసి పనిచేసే అండమాన్ నికోబార్ కమాండ్ 2001లోనే వచ్చింది. అయినా అక్కడి నావికాధికారి తన కింద పనిచేసే ఆర్మీ జవానుకు శిక్ష వేయలేకపోయేవాడు. కేసు జవాను సొంత దళానికి వెళ్లాల్సిందే. మనిషి ఒక చోట, సాక్షులు ఒక చోట, ఫైలు ఇంకో చోట. 2023లో చేసిన చట్టం 2024 మే 10 నుంచి అమల్లోకి వచ్చాక ఉమ్మడి సంస్థల అధిపతులకు ఆ అధికారం దక్కింది. ఎవరి సర్వీసు నిబంధనలు మాత్రం వారివే.

పత్రికలు వేయించే బాబులూ, పేరు ముందు ‘కెప్టెన్’ వేసినప్పుడు పేరు తర్వాత ‘భారత నౌకాదళం’ అనో ‘ఆర్మీ’ అనో కూడా వేయించండి. ఇక విరాళాల విషయం.