జాకెట్టు పట్టలేదని మాత్ర మానేశాను
(ప్రపంచ లూపస్ దినోత్సవం సందర్భంగా పేషెంట్లు, కుటుంబ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

జబ్బు గురించి డాక్టర్లు వివరంగా చెప్పారు. నన్ను మాత్రం ఈ జబ్బుకి వాడే స్టెరాయిడ్ మాత్రల వల్ల పెరిగే బరువు గురించి మాట్లాడమన్నారు. నేను డాక్టర్ని కాను. తెనాలి దగ్గర ఒక హైస్కూల్లో సైన్స్ చెప్పే టీచర్ని. 2013లో నాకు లూపస్ అని తేలింది, అంటే ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే ఒంటి మీద తిరగబడే జబ్బు. ఆ ఏడాది నుంచే ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ వేసుకుంటున్నాను. వైసొలోన్ అనో, ఆమ్నాకార్టిల్ అనో మీరందరూ ఎరిగిన మాత్రే.

మొదట రోజుకి 40 మిల్లీగ్రాములు ఇచ్చారు. అంతకుముందు పొద్దున లేచి దువ్వెన పట్టుకోలేని చేతులు వారం తిరిగేసరికి చపాతీ పిండి కలిపాయి. ఆ మాత్రని దేవుడి పటం పక్కన పెట్టుకున్నాను. ఐదు నెలలు గడిచేసరికి 52 కిలోల దాన్ని 66 అయ్యాను. మాఘమాసంలో మా చెల్లి పెళ్ళి. పెళ్ళికి కట్టుకోవాల్సిన పట్టుచీర మీది జాకెట్టు చేతుల దగ్గరే ఆగిపోయింది. టైలరు దగ్గరికి తీసుకెళ్తే లోపలికి తిప్పి చూసి, "విప్పడానికి బట్ట లేదమ్మా" అన్నాడు. ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడ్డాను. బుగ్గలు ఉబ్బిపోయి కళ్ళు చిన్నవైపోయాయి. మెడ వెనక గుప్పెడు కొవ్వు. పెళ్ళికి ఇంకా పన్నెండు రోజులుంది. ఆ రోజు నుంచి మాత్ర మానేశాను. ఎవరికీ చెప్పలేదు.

రెండు రోజులు ఏమీ కాలేదు. నాలుగో రోజుకి కీళ్ళు పట్టేశాయి. వారం దాటాక వాంతులు మొదలయ్యాయి. మంచం మీద లేచి కూర్చుంటే కళ్ళు బైర్లు కమ్మేవి. పెళ్ళి పనుల అలసట అనుకున్నారు ఇంట్లో. చెల్లి పెళ్ళిపీటల మీద కూర్చున్న వేళకి నేను ఆస్పత్రిలో సెలైన్ సీసా కింద ఉన్నాను. బీపీ పడిపోయింది. మూత్రంలో ప్రోటీన్ పోతోందని, కిడ్నీకి కూడా పాకిందని అప్పుడే తేలింది. తలంబ్రాల ఫొటోల్లో నేను లేను. దేనికి భయపడి మందు మానేశానో, ఆ మందే మళ్ళీ మొదటికన్నా ఎక్కువ మోతాదులో, నరం ద్వారా ఇవ్వాల్సి వచ్చింది.

ఎందుకిలా అయిందో ఆస్పత్రి మంచం మీద అడిగి తెలుసుకున్నాను. మన రెండు కిడ్నీల మీద టోపీల్లా రెండు గ్రంథులుంటాయి. రోజూ ఇంచుమించు 5 నుంచి 7 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్‌తో సమానమైన కార్టిసాల్ అనే హార్మోన్‌ని అవే తయారు చేస్తాయి. మనం బయటినుంచి మాత్ర వేసుకుంటూ మూడు నాలుగు వారాలు గడిస్తే మెదడు వాటికి పని చెప్పడం మానేస్తుంది. అవి నిద్రపోతాయి. మళ్ళీ మేలుకోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. మాత్ర ఒక్కసారిగా ఆపితే ఒంట్లో సరిపడా కార్టిసాల్ ఉండదు. ప్రాణం పోయే ప్రమాదం అది. డాక్టరు మెట్టు మెట్టుగా తగ్గించేది ఆ గ్రంథుల్ని నిద్ర లేపడానికి.

నాకు బాగా ఊరట ఇచ్చిన సంగతి ఒకటుంది. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే డాక్టరు, కీళ్ళవాతంతో మంచం పట్టిన 29 ఏళ్ళ అమ్మాయికి మన మాత్ర కుటుంబానికే చెందిన కార్టిసోన్ ఇంజెక్షన్లు ఇచ్చాడు. కొద్ది రోజుల్లోనే ఆమె లేచి నడిచి బజారుకు వెళ్ళొచ్చింది. 1950లో హెంచ్‌కీ, కెండాల్, రైక్‌స్టీన్ అనే మరో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. అంతకు చాలా ముందే, 1932లో, హార్వే కుషింగ్ అనే సర్జన్ ఒంట్లోనే కార్టిసాల్ ఎక్కువగా తయారయ్యే మనుషుల గురించి రాశాడు. గుండ్రటి ముఖం, పెరిగిన పొట్ట, సన్నబడిన కాళ్ళు చేతులు. చదువుతుంటే నా అద్దం గురించి రాసినట్టే ఉంది. అది చదివి ఏడ్చాను. అప్పటిదాకా ఇది నా తిండి యావ అనుకుని నన్ను నేనే తిట్టుకున్నాను మరి.

ఇక ఆకలి దగ్గరికొద్దాం. స్టెరాయిడ్ ఆకలి మామూలు ఆకలి కాదు. మీలో సగంమంది తలలు ఊపుతున్నారు. రాత్రి పదకొండుకి ఇంట్లో అందరూ పడుకున్నాక వంటింట్లో లైటు వెయ్యకుండా, ఫ్రిజ్ తలుపు తెరిచి ఆ వెలుతురులో, గిన్నెలో మిగిలిన అన్నంలో ఆవకాయ, నూనె కలుపుకుని నిలబడి తిన్న రోజులున్నాయి నాకు. జంతికల డబ్బా మూత చప్పుడు కాకుండా తీయడం నేర్చుకున్నాను. కడుపు నిండినట్టు మెదడుకు తెలిసేది కాదు. మనసు గట్టిగా పెట్టుకోమని చాలామంది చెప్పారు. మందు పుట్టించిన ఆకలి మనసు గట్టిగా పెట్టుకుంటే పోదు. అది వస్తుందని ముందే తెలుసు కాబట్టి, వచ్చేలోపే దానికి కాస్త తిండి పెట్టాలి.

నేను చేసింది చెప్తాను. సాయంత్రం ఐదింటికి ఒక కప్పు నిండా ఉడికించిన సెనగలో, అలసందలో, గుగ్గిళ్ళు. పోపులో నూనె ఒక్క చెంచా. రాత్రి పడుకోబోయే ముందు పెద్ద గ్లాసుడు పల్చటి మజ్జిగ, అల్లం, కరివేపాకు వేసి, ఉప్పు లేకుండా. అప్పటికీ ఆగకపోతే ఉడికించిన గుడ్డు, కీర ముక్కలు. జంతికల డబ్బాని మా అత్తయ్య తన గదిలో పెట్టుకున్నారు. అడగలేదు నేను. ఒక రాత్రి నన్ను ఫ్రిజ్ దగ్గర చూసి, మర్నాడు పొద్దున ఏమీ అనకుండా తీసుకెళ్ళిపోయారు. కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళకి నా విన్నపం ఇదే. మందలించే బదులు డబ్బా చోటు మార్చండి.

మాత్ర వేసుకునే వేళ కూడా ముఖ్యం. మన ఒంట్లో కార్టిసాల్ పొద్దుటి పూట ఎక్కువగా ఉంటుంది. అందుకే సాధారణంగా పొద్దున టిఫిన్ తిన్నాక వేసుకోమంటారు. నేను మర్చిపోయి సాయంత్రం వేసుకున్న రోజు రాత్రంతా జాగారమే. మేలుకుని ఉంటే తింటాం. మీ డాక్టరు రెండు పూటలా రాసి ఉంటే మాత్రం సొంతంగా మార్చకండి, అడగండి. శనివారం ఒక్కపొద్దు ఉండేవాళ్ళు, ఏకాదశి చేసేవాళ్ళు ఖాళీ కడుపున మాత్ర వేసుకోవడమో, ఆ రోజుకి మానెయ్యడమో చేస్తున్నారు. రెండూ వద్దు.

అన్నం సంగతి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో, రోజుమొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించకూడదని ఉంది. మన కంచంలో అన్నం కొండలా ఉండి కూర ఓ మూల ఉంటుంది. నేను దాన్ని తిప్పేశాను. ముందు కంచంలో కూర, గట్టిపప్పు పెట్టుకుంటాను. అందులో అన్నం కలుపుకుంటాను. అన్నంలో కూర కలుపుకోవడానికీ కూరలో అన్నం కలుపుకోవడానికీ ఎంత తేడానో నెల తిరిగితే మీకే తెలుస్తుంది. చాలామంది అన్నం మానేసి రాగిజావ గ్లాసులు గ్లాసులు తాగుతున్నారు. జావ తొందరగా అరిగి షుగర్‌ని పైకి లేపుతుంది. రాగి అయినా జొన్న అయినా రొట్టె చేసుకుని కూరతో తింటే నయం.

షుగర్ అంటే గుర్తొచ్చింది. పొద్దున ప్రెడ్నిసొలోన్ వేసుకునేవాళ్ళకి పరగడుపు షుగర్ మామూలుగానే ఉండి, మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా పెరిగిపోవచ్చు. పరగడుపు పరీక్ష ఒక్కటే చూసుకుని నిశ్చింతగా ఉండకండి. మధ్యాహ్నం భోజనం అయిన రెండు గంటలకి చూపించుకోవాలా అని డాక్టర్ని అడగండి.

పెరిగిన బరువంతా కొవ్వు కాదు. అందులో నీరు కూడా ఉంటుంది. స్టెరాయిడ్ ఉప్పుని ఒంట్లో ఆపుతుంది, ఉప్పు నీటిని ఆపుతుంది. రోజుకి 5 గ్రాములు, అంటే ఒక టీ చెంచా ఉప్పు దాటవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. అందులోనే కూర, పచ్చడి, అప్పడం, వడియం, చల్ల మిరపకాయ అన్నీ రావాలి. గుంటూరు జిల్లాలో పుట్టినదానికి ఆవకాయ మానడం ఎంత కష్టమో నేను చెప్పక్కర్లేదు. నేను మానలేదు. ఆదివారం మధ్యాహ్నం ఒక్క ముక్క. మిగతా రోజుల్లో నిమ్మరసం, వేయించిన జీలకర్ర పొడి. పొద్దున్నే నా వాటా ఉప్పు చిన్న సీసాలోకి తీసుకుని, నా కూరలో దాంట్లోంచే వేసుకుంటాను. ఇంకో మాట. సోడియం తక్కువని అమ్మే ఉప్పుల్లో పొటాషియం ఉంటుంది. కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళకి అది గుండె మీదికి వస్తుంది. డాక్టర్ని అడగకుండా అలాంటివి కొనొద్దు. రెండు మూడు రోజుల్లోనే రెండు కిలోలు పెరిగినా, పాదం మీద వేలితో నొక్కితే గుంట పడినా, మూత్రం నురగ నురగగా ఉన్నా వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఆ రోజే ఫోన్ చెయ్యండి.

బరువు మిషను చూపించని నష్టం ఇంకొకటుంది. కండ. పొట్ట పెరుగుతున్నప్పుడే తొడలు సన్నబడతాయి. నేను నేల మీద కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దేదాన్ని. ఒకరోజు దిద్దడం అయ్యాక లేవలేకపోయాను. నొప్పి లేదు, బలం లేదు. బీరువా హ్యాండిల్ పట్టుకుని, మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచాను. ఆ రోజు భయపడ్డంత మూత్రం రిపోర్టు చూసినప్పుడు కూడా భయపడలేదు. అప్పటినుంచి రోజూ కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం మొదలుపెట్టాను. మొదట మూడుసార్లు, తర్వాత ఐదు, తర్వాత పది. పొద్దున ఇరవై నిమిషాలు నడక. ఎముకలు మొదటి నెలల్లోనే వేగంగా పలచబడతాయి కాబట్టి కాల్షియం, విటమిన్ డి రాస్తే అశ్రద్ధ చెయ్యకండి. నడిచేటప్పుడు గజ్జల్లోనో తొంటిలోనో నొప్పి వస్తే నడక ఆపి చూపించుకోండి. ఈ మందు వల్ల తొంటి ఎముకకి రక్తం అందకుండా పోయే అవకాశం ఉంది.

ఇక మాటల సంగతి. "ఒళ్ళు చేశావే, ఇప్పుడు బాగున్నావు" అంది మా పెద్దమ్మ, నేను అన్నింటికన్నా జబ్బుగా ఉన్న నెలలో. "కాస్త తిండి తగ్గించమ్మా" అన్నారు స్టాఫ్ రూములో. రెండూ ప్రేమతోనే అన్నారు. రెండూ నన్ను మాత్ర మానే దాకా నెట్టాయి. ఇక్కడ పెళ్ళికాని ఆడపిల్లలు చాలామంది ఉన్నారు. పెళ్ళిచూపులకి ముందు మాత్రలు ఆపేసిన పిల్లలు నాకు తెలుసు. అమ్మలారా, దయచేసి పిల్ల ముఖం చూసి మాట్లాడకండి. మాత్ర వేసుకుందా లేదా అని అడగండి. ఆ గుండ్రటి ముఖం చాలామందికి మోతాదు తగ్గినకొద్దీ కొన్ని నెలల్లో తగ్గుతుంది. నాకు ఎనిమిది నెలలు పట్టింది.

నొప్పుల పొట్లాలు, చూర్ణాల గురించి కూడా రెండు మాటలు. పేరు లేని పొడి వాడిన వారంలో నొప్పులన్నీ మాయమై, నెలలో ముఖం ఉబ్బితే అందులో స్టెరాయిడ్ కలిపి ఉండొచ్చు. అలాంటివి చాలాసార్లు బయటపడ్డాయి. అది కూడా టక్కున ఆపకూడదు. పొట్లం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

బరువు తగ్గడానికి మన చేతిలో ఉన్న అసలు దారి మోతాదు తగ్గడం. దాన్ని తగ్గించేది డాక్టరే. కానీ అడగాల్సింది మనం. యూరప్ రుమటాలజీ డాక్టర్ల సంఘం యూలార్ 2023 సూచనల్లో, లూపస్‌లో దీర్ఘకాలం కొనసాగించే స్టెరాయిడ్ రోజువారీ మోతాదు 5 మిల్లీగ్రాములు మించకుండా చూడాలని, వీలైతే పూర్తిగా తీసేయాలని ఉంది. లూపస్‌ని అదుపులో ఉంచే హైడ్రాక్సీక్లోరోక్విన్‌ని మనలో కొందరు బలం మాత్ర అనుకుని మానేస్తున్నారు. స్టెరాయిడ్ తగ్గాలంటే కాపాడేది అదే. అజాథయోప్రిన్, మైకోఫెనొలేట్ లాంటివి కూడా ఆ పనికే. ప్రతి విజిట్‌లో నేను ఒకే ప్రశ్న అడుగుతాను. "సార్, ఈసారి తగ్గించడానికి వీలుందా? లేకపోతే ఏ మందు తోడైతే వీలవుతుంది?" విసుక్కున్న రోజులున్నాయి. అయినా అడిగాను. నాలుగేళ్ళుగా 5 మిల్లీగ్రాముల మీద ఉన్నాను. బరువు 59. మళ్ళీ 52 కాలేదు. ఆ ఏడు కిలోల గురించి ఇప్పుడు దిగులు లేదు. జాకెట్లకి లోపల రెండంగుళాల బట్ట వదిలి మూడు కుట్లు వేయించుకుంటాను. మోతాదు పెరిగినప్పుడు ఒక కుట్టు విప్పుతాను.

పర్సులో ఒక కాగితం పెట్టుకోండి. ఏ స్టెరాయిడ్, ఎంత, ఎప్పటినుంచి. జ్వరం, ప్రమాదం, ఆపరేషన్ వచ్చినప్పుడు మోతాదు పెంచాల్సి రావచ్చు కాబట్టి కొత్త డాక్టరుకి ముందు అదే చూపించండి.

నా మాటలు అయిపోయాయి. టీ వచ్చేలోపు ఒక పని చేద్దాం. తొంటి నొప్పి ఉన్నవాళ్ళు, ఆపరేషన్ అయినవాళ్ళు అలాగే కూర్చోండి. మిగతావాళ్ళు కుర్చీ అంచుకి జరగండి. పాదాలు కాస్త వెనక్కి. చేతులు గుండెల మీద కట్టుకోండి. తోడు వచ్చినవాళ్ళు పక్కన నిలబడండి, పట్టుకోవద్దు, దగ్గరుంటే చాలు. లేవలేకపోతే ఫర్వాలేదు, ఆ సంగతి ఈసారి డాక్టరుకి చెబుదురుగాని. సరే, ఊపిరి తీసుకోండి. లేవండి. ఒకటి.