సితార్ బోర్నియోదా? పాత బ్రిటిష్ హారర్ సినిమాల్లో ‘పరాయివాళ్ళు’

యాంకర్: బ్రేక్‌కి ముందు సార్ ఒక మాటన్నారు, హామర్ కంపెనీ హారర్ సినిమాలు చూస్తే భయం కన్నా నవ్వే ఎక్కువ వస్తుందని. ఎందుకు సార్?

విమర్శకుడు: 1966లో వచ్చిన ‘ది రెప్టైల్’ తీసుకోండి. కథ ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ పల్లెటూళ్ళో. డాక్టర్‌గారు ఆగ్నేయాసియాలోని బోర్నియో దీవికి వెళ్ళి పాముల్ని కొలిచేవాళ్ళ రహస్యాలు తవ్వుతాడు, వాళ్ళు ఆయన కూతుర్ని పాముగా మారేలా చేస్తారు. బానే ఉంది. ఇంటికి చుట్టాలొస్తే ఆ అమ్మాయి వాయించేదేంటో తెలుసా? సితార్! (నవ్వులు) వాళ్ళకి తూర్పు దేశాలన్నీ ఒకటే కొట్టు, చేతికందింది తీసుకోవడమే.

అధ్యాపకురాలు: నవ్వొచ్చే మాటే. కానీ ఆ సీన్‌లో నౌకర్ని చూడండి. ఆ వేషం మార్న్ మైట్‌లాండ్‌ది, కలకత్తాలో పుట్టినాయన. ఏమీ చేయడు, చూస్తాడంతే. వాయింపు ముదిరేకొద్దీ తండ్రికి టెన్షన్ పెరిగిపోయి, చివరికి సితార్ లాక్కుని పగలగొడతాడు. ఆ ఇంట్లో చెల్లేది తండ్రి మాట కాదు, నౌకరు మాటేనని అక్కడే తెలిసిపోతుంది.

విమర్శకుడు: అంత మంచి నటుడికి అవే వేషాలు, అదీ నా బాధ! 1959లో ‘ది స్ట్రాంగ్లర్స్ ఆఫ్ బాంబే’లోనూ ఆయనున్నాడు. ఆ బాంబే అంతా థేమ్స్ ఒడ్డున బ్రే స్టూడియోలో వేసిందే. కాళి పూజారేమో సైప్రస్‌లో పుట్టిన జార్జ్ పాస్టెల్. అదే ఏడాది ‘ది మమ్మీ’లో ఈజిప్టువాడూ ఆయనే. ఇంగ్లీషు నటుడు క్రిస్టఫర్ లీ చైనావాడైన సంగతి సరేసరి, ఫూ మాంచూ అనే చైనా విలన్‌గా ఐదు సినిమాలు.

యాంకర్: అంటే దెయ్యాలన్నీ వలస దేశాల నుంచి ఓడెక్కి వచ్చినవేనా?

అధ్యాపకురాలు: చాలావరకు. కానీ ‘ది రెప్టైల్’ తీసిన జాన్ గిల్లింగే, అవే సెట్ల మీద ‘ది ప్లేగ్ ఆఫ్ ది జాంబీస్’ కూడా తీశాడు. అందులో ఊరి జమీందారు హైతీలో వూడూ అనే మంత్రవిద్య నేర్చుకొచ్చి, జనాన్ని చంపి, లేపి, తగరం గనిలో పనికి పెడతాడు. కూలి అడగరు, ఎదురు చెప్పరు. చచ్చాక కూడా వెట్టి! దెయ్యం ఎవరండీ అక్కడ? దొరే కదా.

విమర్శకుడు: మరి అదే సినిమాలో డప్పులు కొట్టే నల్లజాతి మనుషులో? చెమటలు కారుతూ కొడతారు. కార్న్‌వాల్‌కి ఎలా వచ్చారో, ఇంటి దగ్గర ఎవరున్నారో కథకి పట్టదు.

అధ్యాపకురాలు: అది ఒప్పుకుంటాను.

యాంకర్: హీరోగా ఎవరికీ చాన్స్ ఇవ్వలేదా?

విమర్శకుడు: ఇచ్చారు. 1974లో ఆమికస్ అనే ఇంకో బ్రిటిష్ కంపెనీ వాళ్ళ ‘ది బీస్ట్ మస్ట్ డై’. మొదటి సీన్‌లో ఒక నల్లజాతి మనిషి అడవిలో పరిగెడుతుంటాడు, వెనక తుపాకులతో తెల్లవాళ్ళు. అయిపోయాడు అనుకుంటాం. తీరా చూస్తే ఆ ఎస్టేట్ ఆయనదే! కాపలా ఏర్పాట్లు ఎలా ఉన్నాయో ఆయనే పరీక్షించుకుంటున్నాడు. మనసులో మనం ఏం ఊహించుకున్నామో సినిమా పట్టేసుకుంటుంది. కాల్విన్ లాక్‌హార్ట్, బహామాస్‌లో పుట్టినాయన. హామర్ స్టార్ పీటర్ కుషింగ్ అంతటివాడు ఆయనింట్లో అతిథి!

యాంకర్: అందులో హీరో వేటాడే తోడేలు మనిషి, అంటే తోడేలుగా మారేవాళ్ళు, ఎవరో కనిపెట్టమని ప్రేక్షకులకి 30 సెకన్లు టైమిస్తారట?

విమర్శకుడు: అవును, సినిమా ఆపేసి మరీ. నేను ఒక్కసారీ కరెక్టుగా చెప్పలేదు.

అధ్యాపకురాలు: అందులో భార్య వేషం కూడా నల్లజాతి నటిదే, మార్లీన్ క్లార్క్. మీ హీరోగారి వేట పిచ్చికి ఆవిడ గతి ఏమైందో కూడా చెప్పండి సార్.

యాంకర్: వద్దు మేడమ్, వద్దు! చూడనివాళ్ళుంటారు.