ఎడ్ఫు గుడిలో చెప్పులు ఎక్కడ విడవాలి?

అందరికీ నమస్కారం. ఈజిప్టులో ఎడ్ఫు అనే ఊళ్లో హోరస్ అనే డేగ దేవుడి గుడికి వెళ్లాం. నైలు ఒడ్డున పడవ దిగి గుర్రబ్బండి ఎక్కితే, కుదిరిందనుకున్న బేరం సగం దారిలో మళ్లీ మొదలైంది, అది వేరే కథలెండి. గుడి లోపల గర్భగుడి గడప దగ్గర మా అమ్మ ఆగి చెప్పులు విప్పేసింది. కాల్లో ఏమైనా గుచ్చుకుందేమో అని గైడు కంగారుపడ్డాడు. పూజలాగిపోయి పదహారు వందల ఏళ్లు దాటిందని తెలిసీ నేనూ విప్పబోయాను.

తర్వాత తెలిసిందేంటంటే, ఈజిప్టు పూజారులు కాళ్లకు చెప్పులు తొడుక్కునే తిరిగేవారట. పపైరస్ అనే జమ్ములాంటి నీటి మొక్కతో చేసిన చెప్పులు మాత్రమే వేసుకునేవారని పాతకాలపు గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. ఒళ్లంతా క్షౌరం చేసుకోవాలి, పగలు రెండుసార్లు, రాత్రి రెండుసార్లు చన్నీళ్ల స్నానం, నార బట్టలే కట్టాలి. మడి అంటే మనకే తెలుసనుకుంటాం కదా!

ఈ గుడి కట్టడం క్రీ.పూ. 237లో మూడో టాలెమీ మొదలుపెడితే, క్రీ.పూ. 57కి గానీ పని పూర్తి కాలేదు. టాలెమీలు గ్రీకు రాజులు, కానీ గోడల మీద మాత్రం అచ్చం పాత ఫారోల వేషంలోనే నైవేద్యాలు పెడుతూ కనిపిస్తారు. ముందున్న జంట గోపురాలు 36 మీటర్ల ఎత్తు. వాటి గోడల్లో పొడుగ్గా గాళ్లు ఉంటాయి, జెండా మానులు నిలబెట్టడానికి. ధ్వజస్తంభాలు గోపురానికే ఆనించినట్టు ఊహించుకోండి.

లోపలికి పోయేకొద్దీ నేల కొంచెం కొంచెం ఎత్తవుతుంది, కప్పు కిందికి దిగుతుంది, వెలుతురు తగ్గిపోతుంది. సృష్టికి ముందు అంతా నీళ్లేనని, అందులోంచి ఒక మట్టిదిబ్బ పైకి తేలిందని వాళ్ల నమ్మకం. స్తంభాల తలల మీద ఉన్న పపైరస్, తామరలు ఆ నీళ్ల పక్కన మొలిచిన మొక్కలు, గర్భగుడి ఆ దిబ్బ. అంటే మనం నడిచేది సృష్టి మొదలైన చోటికి.

చివరన నల్లటి ఏకశిల మందిరం, సుమారు నాలుగు మీటర్లు. టాలెమీలకు ముందటి ఈజిప్టు రాజు రెండో నెక్టనెబో చేయించింది, ఈ గుడికంటే వందేళ్లకు పైగా పాతది. స్వామి ఉండేది అందులో. పొద్దున్నే మేలుకొలుపు ఉండేది, "శాంతిగా మేలుకో" అంటూ సాగే ఆ పాట గర్భగుడి ముందు గోడ మీద ఇప్పటికీ చెక్కి ఉంది. మనకి సుప్రభాతం గుర్తు రాకుండా ఎలా ఉంటుంది? పూజారి మట్టి ముద్ర పగలగొట్టి, గడియ తీసి, సాష్టాంగపడి, విగ్రహాన్ని శుభ్రం చేసి, కొత్త బట్ట కట్టి, చిటికెన వేలితో సుగంధ తైలం అద్దేవాడు. నైవేద్యం తర్వాత పూజారులకు పంచేవారు, ప్రసాదమే అనుకోండి. అన్నీ అయ్యాక తలుపు మూసి, వెనక్కి వెళ్తూ తన అడుగుల గుర్తుల్ని చీపురుతో ఊడ్చేసేవాడు. నాకు ఈ ఊడ్చే పని తెగ నచ్చింది.

ఇక్కడే పోలిక ఆగిపోతుంది. దర్శనం అనే మాటే లేదు. మామూలు జనం ముందు ప్రాంగణం దాటకూడదు. ఇది దేవుడు కాపురముండే ఇల్లు, మొక్కుకోవడానికి వచ్చే చోటు కాదు. ఏటా ఎండాకాలంలో దెందెరా అనే ఊరి గుడి నుంచి హాథోర్ దేవత పడవలో నైలు మీద ఎదురు ప్రయాణం చేసి హోరస్ దగ్గరికి వచ్చేది, దాదాపు రెండు వారాలు ఊరంతా జాతర. జనానికి దేవుడు దగ్గరయ్యేది అప్పుడే. అప్పుడు కూడా విగ్రహాన్ని పల్లకిలా మోసే చిన్న పడవలోని గదికి తెర కట్టేవారు, మన ఉత్సవ విగ్రహంలా ముఖం చూపించేది కాదు.

క్రీ.శ. 391లో రోమన్ చక్రవర్తి థియోడోసియస్ పాత దేవుళ్ల పూజలు నిషేధించాడు. తర్వాత ఇసుక కప్పేసింది, గుడి పైకప్పు మీద జనం ఇళ్లు కట్టుకున్నారు. 1860లో ఫ్రెంచివాడు మారియెట్ తవ్వించాడు. ఇంత చక్కగా మిగలడానికి ఆ ఇసుకే కారణం.

మామూలు వాళ్లని ఇక్కడిదాకా రానిచ్చేవారు కాదని గైడు చెప్పింది అమ్మకి తెలుగులో చెప్పాను. ఖాళీ మందిరం వంక ఒకసారి చూసి, "అయితే మనమెందుకొచ్చాం?" అంటూ రెండడుగులు వెనక్కి వేసి గడప బయట నిలబడింది. అక్కడే చెప్పులు వేసుకుంది.