మేత్రాసన కోర్టుకు అర్జీ పెట్టే ముందు

అందరికీ వందనాలు. కతోలికుల పెళ్లి చెల్లుతుందా లేదా అని తేల్చే మన మేత్రాసన (బిషప్ కింద ఉన్న ప్రాంతం) కోర్టు గురించి ఇవాళ మాట్లాడుకుందాం. బిషప్ హౌస్ అంటే మనలో చాలామందికి ఒకటే ఆఫీసు. అందుకే పెళ్లి విషయంలో ఏదైనా తేడా వస్తే ముందు వికార్ జనరల్ గారి దగ్గరికో, ఛాన్సలర్ ఫాదర్ గారి దగ్గరికో పరిగెడతాం. వికార్ జనరల్ పరిపాలనలో పీఠాధిపతికి, అంటే బిషప్ గారికి, కుడిభుజం. ఛాన్సలర్ కాగితాలకూ రికార్డులకూ బాధ్యుడు. డబ్బు లెక్కలు ప్రొక్యురేటర్ చూస్తారు. వీళ్లెవరూ మీ కేసు వినరు.

కేసు వినేది న్యాయ వికార్. నిజానికి మేత్రాసనంలో మొదటి న్యాయమూర్తి పీఠాధిపతే, ఆయన తరఫున ఈ గురువు (ఫాదర్) ఆ పని చేస్తారు. న్యాయ వికార్‌కు కనీసం 30 ఏళ్లు నిండాలి, శ్రీసభ (కతోలిక చర్చి) చట్టంలో లైసెన్షియేట్ అనే పై డిగ్రీ గానీ డాక్టరేట్ గానీ ఉండాలి. మేత్రాసనం చిన్నదైతేనో, కేసులు తక్కువైతేనో తప్ప వికార్ జనరల్ ఈ పదవిలో ఉండకూడదు. పాలించే చెయ్యే తీర్పు రాయడం మంచిది కాదని 1983 నాటి శ్రీసభ చట్టం ఉద్దేశం. ఇది నాకు బాగా నచ్చిన నియమం.

పెళ్లి కేసును మామూలుగా ముగ్గురు న్యాయమూర్తులు వింటారు. అధ్యక్షుడు గురువే అయినా, 2015 నుంచి మిగతా ఇద్దరూ విశ్వాసులు కావచ్చు, స్త్రీలు కూడా. ఎదురుగా 'వివాహ బంధ రక్షకుడు' కూర్చుంటారు. భార్యాభర్తలిద్దరూ ఒకే మాట మీదున్నా సరే, ఆ పెళ్లి చెల్లుతుందనడానికి దొరికే ప్రతి ఆధారాన్నీ ముందుకు తేవడమే ఆయన ఉద్యోగం. ఆయన్ను చూసి చాలామంది టెన్షన్ పడతారు, కోపం కూడా తెచ్చుకుంటారు. ఆయన లేకపోతే ఇది ఉత్తుత్తి తంతు అయిపోతుంది.

ఈ కోర్టు విడాకులు ఇవ్వదు. బలిపీఠం ముందు 'సరే' అన్న ఆ రోజున నిజంగా పెళ్లి జరిగిందా అన్నది ఒక్కటే చూస్తుంది. పదేళ్ల తర్వాత భర్త తాగుడుకు బానిసయ్యాడన్నది ఒక్కటే చాలదు. పెళ్లికి ముందే ఆ వ్యసనం ఉండి, కావాలని దాచి మోసం చేశారా అన్నది వేరే ప్రశ్న. అమ్మాయి వద్దు మొర్రో అంటున్నా పెద్దలు బెదిరించి ఒప్పించారా? మన ఊళ్లలో ఇది కొత్త మాటేం కాదు. మనవాళ్లు పెళ్లయ్యాక జరిగిన గొడవల ఫొటోలు, వాట్సాప్ మెసేజ్‌లు సంచి నిండా తెస్తారు. న్యాయమూర్తికి ఎక్కువ కావలసింది పెళ్లికి ముందు సంగతులు, అవి తెలిసిన సాక్షులు.

ఒకప్పుడు పెళ్లి చెల్లదని రెండు కోర్టులు ఒకే మాట చెప్పాలి. 2015లో ఫ్రాన్సిస్ పోపు గారు దాన్ని ఎత్తేశారు. ఎవరూ అప్పీలు చేయకపోతే మొదటి తీర్పే చాలు. వీలైనంతవరకు ఖర్చు లేకుండా జరగాలని కూడా ఆయన కోరారు. గుంటూరులో పెళ్లయి ఇప్పుడు హైదరాబాదులో స్థిరపడిన అమ్మాయి హైదరాబాదులోనే అర్జీ పెట్టుకోవచ్చు.

తల్లులందరూ అడిగేది పిల్లల గురించి. పెళ్లి చెల్లదని తేలినా పిల్లలు అక్రమ సంతానం కారు, చట్టంలో స్పష్టంగా ఉంది. ఇంకొకటి. సర్కారు కోర్టులో విడాకులు తీసుకుని, మళ్లీ పెళ్లి చేసుకోకుండా ఉన్నవాళ్లను ఆ ఒక్క కారణంతో దివ్యసత్ప్రసాదానికి (కమ్యూనియన్‌కు) దూరంగా ఉంచకూడదు. ఎవరో ఏదో అన్నారని ఏళ్ల తరబడి చివరి బెంచీలో కూర్చున్నవాళ్లున్నారు.

అయితే మేత్రాసన తీర్పు సర్కారు దృష్టిలో చెల్లదు. 1996లో కేరళ కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది. చర్చి కోర్టు తీర్పులను గుర్తించాలంటూ వేసిన పిటిషన్‌ను 2017 జనవరిలో కొట్టేసింది. చర్చి కాగితం ఒక్కటే పట్టుకుని రెండో పెళ్లి చేసుకుంటే క్రిమినల్ కేసు దాకా వెళ్లవచ్చు. 1869 నాటి డివోర్స్ చట్టం కింద సివిల్ కోర్టు డిక్రీ కూడా కావాల్సిందే.

జ్ఞానస్నాన పత్రం, పెళ్లి పత్రం ముందుగా తీసిపెట్టుకోండి. అర్జీ రాయడం రాకపోతే మీ విచారణ గురువుల (మీ చర్చి ఫాదర్ గారి) సాయం అడగండి. ఇప్పుడు మీ ప్రశ్నలు వింటాను, పేర్లు మాత్రం చెప్పొద్దు.