మూడు గాలి పరుపులు

అందరికీ నమస్కారం. ఇందాక లోపలికి వస్తుంటే ఒక అబ్బాయి ఆపి, "సార్, ఐడియా ఉంది, ఫండింగ్ ఎలా వస్తుంది?" అని అడిగాడు. దానికి జవాబుగా ఎయిర్‌బీఎన్‌బీ కథ చెబుతాను. మామూలు జనం తమ ఇంటినో, గదినో ప్రయాణికులకి రోజుల లెక్కన అద్దెకిచ్చుకునే వెబ్‌సైట్ అది.

2007 అక్టోబరు, శాన్‌ఫ్రాన్సిస్కో. బ్రయాన్ చెస్కీ, జో గెబియా అనే ఇద్దరు కుర్రాళ్లకి ఇంటి అద్దె కట్టడమే కష్టంగా ఉంది. ఊళ్లో డిజైనర్ల సదస్సు, హోటళ్లన్నీ నిండిపోయాయి. వీళ్లు తమ ఇంట్లోనే గాలి పరుపులు వేసి, రాత్రికి 80 డాలర్ల చొప్పున ముగ్గురికి చోటిచ్చి, పొద్దున్నే టిఫిన్ కూడా పెట్టారు. తర్వాత నేథన్ బ్లెచార్జిక్ అనే ఇంజినీరు వీళ్లతో కలిశాడు.

2008లో పెట్టుబడి అడగడానికి వెళ్లారు. లక్షన్నర డాలర్లు ఇస్తే కంపెనీలో పదో వంతు మీదే అన్నారు. వాల్యుయేషన్ అంటే ఈ లెక్కే. పదో వంతు లక్షన్నర అయితే మొత్తం పదిహేను లక్షలు. అంత డబ్బు బ్యాంకులో ఉందని కాదు, ఆ ధరకి కొనేవాడు ఉన్నాడని అర్థం. వీళ్లకి ఆ కొనేవాడూ దొరకలేదు. ఏడుగురిని అడిగితే ఐదుగురు వద్దన్నారు, ఇద్దరు జవాబే ఇవ్వలేదు. ముక్కూ మొహం తెలియనివాణ్ని ఇంట్లో పడుకోబెట్టుకునేదెవరు? వాళ్లనీ తప్పు పట్టలేం. మనం దూరపు చుట్టం వస్తేనే ఎన్నాళ్లుంటాడో అని చూస్తాం.

ఆ ఏడు అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు, పోటీలో ఉన్న ఒబామా, మెకెయిన్ బొమ్మలతో, పొద్దున్నే పాలలో వేసుకు తినే సీరియల్ డబ్బాలు ఒక్కోటి 40 డాలర్లకు అమ్మి వీళ్లు దాదాపు 30,000 డాలర్లు సంపాదించారు. అందరూ ముచ్చటగా చెప్పుకునేది ఈ కథే. నాకు మాత్రం న్యూయార్క్ సంగతే అసలైనదనిపిస్తుంది. 2009లో, కొత్త కంపెనీలకి కొంత పెట్టుబడి పెట్టి దారి చూపే వై కాంబినేటర్ అనే సంస్థలో చేరేనాటికి ఆదాయం వారానికి 200 డాలర్లు. సైట్‌లో ఇళ్ల ఫొటోలు చూస్తే అడుగు పెట్టబుద్ధి కాదు. న్యూయార్క్ వెళ్లి, కెమెరా అద్దెకు తీసుకుని, ఇంటింటికీ తిరిగి తామే ఫొటోలు తీశారు. ఆదాయం రెట్టింపైంది. బాబూ, నీ మొదటి కస్టమర్ ఇల్లు ఎక్కడో నీకు తెలుసా?

ఆ తర్వాతి పరుగుకి కారణం లెక్కలో ఉంది. హోటల్ వంద గదులు పెంచాలంటే స్థలం కొనాలి, కట్టాలి, ఏళ్లు పడుతుంది. వీళ్లకి గది తెచ్చేది ఇల్లుగలవాడే. పారిస్‌లో దిగిన అతిథి తన ఊరెళ్లి తన గది కూడా సైట్‌లో పెడతాడు. నమ్మకం కోసం రేటింగులు పెట్టారు. అతిథి కట్టిన డబ్బు తమ దగ్గరే ఉంచుకుని, అతను దిగిన మర్నాడు గాని యజమానికి వదలరు. అయితే టూరిస్టులకిస్తే ఎక్కువొస్తుందని ఊళ్లో అద్దెకుండేవాళ్లకి ఇళ్లు దొరకడం లేదన్న గొడవ మొదలైంది. 2023లో న్యూయార్క్ నిబంధనలు గట్టిగా బిగించింది.

2020లో కొవిడ్‌తో ప్రయాణాలు ఆగిపోయాయి. నాలుగో వంతు ఉద్యోగుల్ని, అంటే దాదాపు 1,900 మందిని తీసేశారు. అదే ఏడు డిసెంబరు 10న 68 డాలర్ల షేరు మార్కెట్లోకి వచ్చి, సాయంత్రానికి 144 దాటింది. కంపెనీ విలువ దాదాపు 10,000 కోట్ల డాలర్లన్నారు. మధ్యలో కొత్త షేర్లు వస్తాయి కాబట్టి మొదటి పదో వంతు అలాగే మిగలదు. అయినా ఆ రాత్రి ఆ ఏడుగురూ కాయితం, పెన్నూ తీసే ఉంటారు.