పెద్దవాళ్ల చేత ఇంగ్లీష్ మాట్లాడించే ఆన్‌లైన్ క్లాస్ ఎలా మొదలుపెట్టాలి

అందరికీ నమస్కారం అండీ. ఆన్‌లైన్‌లో ఇంగ్లీష్ క్లాస్ పెడదామనుకునేవాళ్లు నన్ను మొట్టమొదట అడిగేది ఏ యాప్ వాడాలి, ఏ మైక్ కొనాలి, స్లైడ్లు ఎలా చేయాలి అని. అవి కూడా చెప్తాను గానీ ముందు క్లాస్‌కి వచ్చే మనిషి గురించి మాట్లాడుకుందాం. ఉద్యోగమో వ్యాపారమో ఇంటి పనో అన్నీ చూసుకుని, పొద్దంతా అలిసిపోయి, రాత్రి ఇల్లు కాస్త సద్దుమణిగాక ఫోన్ చేతిలో పట్టుకుని మన లింక్ నొక్కుతారు వాళ్లు. ఇంగ్లీష్ అసలు రాదా అంటే అలా ఏం కాదు, చదివితే అర్థమవుతుంది, వింటే సగం పైన తెలుస్తుంది, టెన్స్‌ల గురించి అడిగితే స్కూల్లో బట్టీ పట్టింది ఇప్పటికీ గడగడా చెప్పేస్తారు. నోరు తెరవాలంటేనే భయం. ఎవరైనా నవ్వుతారేమో, నా వయసుకి ఇది కూడా రాదా అనుకుంటారేమో అని ఏళ్ల తరబడి మౌనంగా ఉండిపోయినవాళ్లు. అలాంటివాళ్లకి మనం గంటసేపు గ్రామర్ చెప్తే శ్రద్ధగా వింటారు, నోట్స్ రాసుకుంటారు, థాంక్యూ చెప్పి వెళ్లిపోతారు, నోరు మాత్రం అలాగే ఉంటుంది.

అందుకే నేను ఏ క్లాస్ గురించైనా ఒకటే చూస్తాను, ఆ గంటలో ఒక్కొక్కళ్లు ఎన్ని నిమిషాలు ఇంగ్లీష్ మాట్లాడారు అని. లెక్క వేసి చూడండి. గంట క్లాస్‌లో ముప్పై మందిని కూర్చోబెట్టి టీచర్ నలభై నిమిషాలు మాట్లాడితే మిగిలింది ఇరవై నిమిషాలు, అంటే మనిషికి నలభై సెకన్లు. అదే ఆరుగురిని తీసుకుని, టీచర్ ఇరవై నిమిషాల్లో తన మాట ముగించి, మిగతా నలభై నిమిషాలు ఇద్దరిద్దరిగా మాట్లాడుకోమని వదిలితే మనిషికి ఇరవై నిమిషాలు దొరుకుతాయి. టీచర్ అదే, గంట అదే, ఫలితం మాత్రం ఎంత తేడా! పెద్ద బ్యాచ్ పెడితే డబ్బులు బాగా వస్తాయి కదా అని మీకు అనిపించొచ్చు, నిజమే, కానీ వచ్చినవాళ్లు నెల తిరక్కుండా మానేస్తే మళ్లీ మనుషుల్ని వెతుక్కోవడంతోనే సరిపోతుంది. ఆరుగురితో మొదలుపెట్టండి, ఎనిమిదికి మించొద్దు.

మనుషులు దొరికాక వెంటనే క్లాస్ పెట్టేయకుండా ఒక్కొక్కళ్లతో విడిగా పది నిమిషాలు ఫోన్‌లో మాట్లాడండి. మీరు ఇంగ్లీష్ ఎందుకు నేర్చుకోవాలనుకుంటున్నారు అని అడిగితే అందరూ ఫ్లూయెన్సీ కావాలండీ అనే అంటారు, దానివల్ల మనకేం తెలియదు. ఇంగ్లీష్ ఎవరితో మాట్లాడాలి, ఎక్కడ, ఏ టైంలో, అక్కడ ఇప్పుడు ఏం జరుగుతోంది అని అడగండి. అప్పుడు అసలు సంగతి బయటికొస్తుంది. ఒకరికి ఆఫీస్ కాల్‌లో తన వంతు వచ్చినప్పుడు చేసిన పని రెండు నిమిషాల్లో చెప్పాలి, ఇప్పుడైతే పక్కనున్న కొలీగ్ చేత చెప్పిస్తున్నారు. ఇంకొకరికి ఇంటర్వ్యూ ఉంది. ఇంకొకావిడ కొడుకు వేరే దేశంలో ఉంటాడు, అక్కడే పుట్టిన మనవరాలికి తెలుగు అంతగా రాదు, వీడియో కాల్‌లో ఆ పాప ఏదో చెప్తూనే ఉంటుంది, ఈవిడ నవ్వి ఊరుకుంటారు. ఆవిడకి పాసివ్ వాయిస్ నేర్పి ఏం చేస్తాం చెప్పండి? ఏం బొమ్మ వేశావు, ఇది ఎవరు, ఆ తర్వాత ఏమైంది, కొంచెం నెమ్మదిగా చెప్పమ్మా, ఇలాంటి మాటలు ఓ ఇరవై ఇంగ్లీష్‌లో నోటికి వచ్చేలా చేస్తే ఆ ఆదివారమే పాపతో మాట్లాడతారు. అమెరికాలో పెద్దల చదువు గురించి పనిచేసిన మాల్కం నోల్స్ 1970లలోనే ఈ సంగతి నొక్కి చెప్పాడు, పెద్దవాళ్లు తాము నేర్చుకునేది ఎందుకు పనికొస్తుందో తెలిస్తేనే నేర్చుకుంటారని, తమ బతుకులో ఎదురయ్యే పని చుట్టూ చదువు ఉండాలని. ఆ పది నిమిషాల ఫోన్ కాల్‌లో దొరికిందే మీ సిలబస్.

లెవెల్ తెలుసుకోవడానికి రాత పరీక్ష పెట్టొద్దు, ఎందుకంటే మనవాళ్లు రాతలో బాగా స్కోర్ చేసి మాటలో ఆగిపోతారు. నిన్న పొద్దుటినుంచి రాత్రి దాకా ఏం చేశారో ఒక నిమిషం ఇంగ్లీష్‌లో చెప్పి వాయిస్ నోట్ పంపమనండి, విన్న వెంటనే అర్థమైపోతుంది. ఆ ఆడియో దాచి ఉంచండి, మూడు నెలల తర్వాత అదే ప్రశ్న మళ్లీ అడిగి రెండూ వాళ్లకే పంపిస్తే తమ మార్పు తమ చెవులతోనే వింటారు. ఇక లెవెల్స్ సంగతికి వస్తే కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2001లో ప్రచురించిన భాష ఎంతవరకు వచ్చో కొలిచే సీఈఎఫ్ఆర్ అనే పద్ధతి ఉంది, ఏ1 నుంచి సీ2 వరకు ఆరు మెట్లు, ప్రపంచమంతా టెక్స్ట్‌బుక్‌లూ పరీక్షలూ ఎక్కువగా దీన్నే వాడతాయి. కేంబ్రిడ్జ్ పరీక్షలవాళ్లు ఇచ్చే అంచనా ప్రకారం ఓనమాల నుంచి మొదలుపెడితే ఏ2కి రావడానికి 180 నుంచి 200 గంటల క్లాస్, బీ1కి 350 నుంచి 400, బీ2కి 500 నుంచి 600 గంటలు పడుతుంది. మీరు వారానికి మూడు గంటలు చెప్తే ఏడాదికి సుమారు 150 గంటలు, అంటే మెట్టు ఎక్కడానికి ఏడాది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ముప్పై రోజుల్లో ఇంగ్లీష్ అని పోస్టర్ వేసేముందు ఈ లెక్క గుర్తు తెచ్చుకోండి ప్లీజ్. ఆ మాట నమ్మి వచ్చినవాళ్లు ముప్పై ఒకటో రోజున తప్పు తమదే అనుకుంటారు, నాకు బుర్ర లేదు అనుకుంటారు, అది చాలా అన్యాయం. మూడు నెలల్లో మీ ఆఫీస్ కాల్‌లో మీ వంతు మీరే చెప్పుకోగలరు, అని ఒక పని గురించి మాటివ్వండి, అది నిలబెట్టుకోగలం.

ఇప్పుడు క్లాస్ లోపల ఏం జరగాలో ఒక ఉదాహరణ చెప్తాను. హాస్పిటల్ అపాయింట్‌మెంట్ తీసుకోవడం టాపిక్ అనుకోండి. ఇద్దరికీ రెండు వేర్వేరు కాగితాలు పంపుతాం, ఒకరి దగ్గర డాక్టర్ ఏ రోజు ఏ టైంలో ఖాళీగా ఉన్నారో ఉంటుంది, రెండోవాళ్ల దగ్గర తమకి ఏ రోజుల్లో ఏం పనులున్నాయో ఉంటుంది. ఇద్దరికీ కుదిరే టైం ఒక్కటే ఉంటుంది, ఒకరి కాగితం ఒకరు చూడకూడదు, మాట్లాడుకునే కనిపెట్టాలి. ఇక్కడ మాట్లాడక తప్పదు, ఎందుకంటే తనకి కావాల్సిన విషయం అవతలివాళ్ల దగ్గర ఉంది. బ్రేకౌట్ రూమ్స్, అంటే మీటింగ్‌లోనే ఒక్కో జంట విడిగా మాట్లాడుకునే చిన్న గదులు, అవి తెరిచే ముందే ఏం చేయాలో తెలుగులో స్పష్టంగా చెప్పి, అర్థమైందా అని అడక్కుండా, మీరిప్పుడు ఎవరు, డాక్టర్ ఆఫీసా పేషెంటా అని అడగండి. రూమ్‌లోకి వెళ్లాక మళ్లీ చెప్దామంటే మూడు రూమ్‌లకి మూడుసార్లు పరిగెత్తాలి. ఆ తర్వాత మీరు కెమెరా, మైక్ ఆపేసి ఒక్కో రూమ్‌లోకి వెళ్లి వినండి, మధ్యలో దూరి సరిచేయొద్దు. విన్నవి రాసుకోండి, బాగా చెప్పిన వాక్యాలు ఒకపక్క, సరిచేయాల్సినవి ఇంకోపక్క. అందరూ తిరిగొచ్చాక పేర్లు లేకుండా స్క్రీన్ మీద పెట్టి, ఇందులో ఏవి బాగున్నాయి, ఏవి మార్చాలి అని వాళ్లనే అడగండి. తన వాక్యం బాగున్నవాటిలో కనిపించినప్పుడు ఆ మనిషి తర్వాతి వారం తనంతట తానే మైక్ ఆన్ చేయడం నేను చాలాసార్లు చూశాను.

ప్రశ్న అడిగాక ఆగడం కూడా నేర్చుకోవాలి మనం. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970లలో సైన్స్ క్లాసుల్ని గమనించి చెప్పింది, టీచర్లు ప్రశ్న అడిగి సుమారు ఒక సెకను మాత్రమే ఆగుతున్నారు, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవుగా, ఇంకా బాగా వస్తున్నాయి అని. అది మాతృభాషలో ఎదురుగా కూర్చున్న పిల్లల సంగతి. మన క్లాస్‌లో మనిషి తెలుగులో ఆలోచించాలి, ఇంగ్లీష్‌లోకి మార్చాలి, అన్‌మ్యూట్ బటన్ వెతకాలి, ఆపైన నెట్ ఆలస్యం. మనసులో పది లెక్కపెట్టండి. ఆ నిశ్శబ్దం మీకు ఇబ్బందిగా ఉంటుంది, వాళ్లకి అవసరం.

ఏ తప్పులు సరిచేయాలి అనేది పెద్ద ప్రశ్న. తెలుగులో క్రియ చివర వస్తుంది, ఇంగ్లీష్‌లో మధ్యలో వస్తుంది, అందుకే మాటకి మాట మార్చుకుంటూ వెళ్లేవాళ్లు వాక్యం మధ్యలో ఆగిపోతారు. వాళ్లకి రూల్ చెప్పడం కంటే రెడీగా ఉన్న ముక్కలు ఇవ్వండి, కుడ్ యూ ప్లీజ్ అనీ, ఐ యామ్ కాలింగ్ అబౌట్ అనీ, సారీ ఐ డిడ్ంట్ క్యాచ్ దట్ అనీ, ఇవి ఒకే మాటలాగా నోటికి అలవాటైతే మిగతాది దానికి అతుక్కుంటుంది. అలాగే మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి బస్‌ని బస్సు, రోడ్‌ని రోడ్డు అన్నట్టే ఇంగ్లీష్ మాటల చివర కూడా ఉకారం వచ్చి చేరుతుంది. అది వినేవాళ్లకి పెద్దగా అడ్డం కాదు, నేనైతే దాని వెంట పడను. మాటలో ఏ భాగం ఒత్తి పలకాలి అనేది మాత్రం ముఖ్యం, హోటల్, డెవలప్ లాంటి మాటల్లో ఒత్తు రెండో భాగం మీద పడాలి, తప్పు చోట ఒత్తితే అవతలివాళ్లకి మాటే అర్థం కాకపోవచ్చు. ఏ, యాన్, ద అనే ఆర్టికల్స్ ఎగిరిపోయినా పనైపోతుంది, నిన్న జరిగిందా రేపు జరుగుతుందా తెలియకపోతే పని చెడుతుంది, కాబట్టి మొదట టెన్స్ పట్టుకోండి. క్లాస్‌లో తెలుగు మాట్లాడకూడదు అనే రూల్ కూడా పెట్టొద్దండీ, భయపడుతున్న మనిషికి తన భాష తీసేస్తే ఇంకా ముడుచుకుపోతారు.

సామాను విషయం తొందరగా చెప్పేస్తాను. జూమ్ ఫ్రీ అకౌంట్‌లో మీటింగ్ 40 నిమిషాలే వస్తుంది, బ్రేకౌట్ రూమ్స్ మాత్రం ఉన్నాయి, మొదటి బ్యాచ్‌కి అది చాలు, అలిసిపోయి వచ్చినవాళ్లకి నలభై నిమిషాల క్లాస్ ఒక రకంగా మంచిదే. కెమెరా కంటే మైక్ ఉన్న ఇయర్‌ఫోన్ ముఖ్యం. చాలామంది ఫోన్‌లో చూస్తారు, కాబట్టి స్లైడ్ మీద ఐదారు మాటలకి మించి పెట్టొద్దు, కాగితాలు ముందే వాట్సాప్‌లో ఫొటోగా పంపండి. జంటగా మాట్లాడేది రికార్డ్ చేయొద్దు, ఎర్ర చుక్క కనిపిస్తే మాట పడిపోతుంది.

క్లాస్ లేని రోజుల్లో నేర్చుకున్నది జారిపోతుంది, ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త తన జ్ఞాపకశక్తి మీద తనే ప్రయోగాలు చేసి 1885లోనే చూపించాడు, తిరిగి చూసుకోకపోతే మరుపు ఎంత త్వరగా వస్తుందో. దానికి పెద్ద హోంవర్క్ అక్కర్లేదు, రోజుకో నిమిషం వాయిస్ నోట్ మీకు పర్సనల్‌గా పంపమనండి, మీరు కూడా వాయిస్‌లోనే ఒక్క మాట జవాబివ్వండి.

ఇక మానేసేవాళ్ల గురించి. పెద్దవాళ్లు క్లాస్ మిస్సవుతారు, పిల్లాడికి జ్వరం వస్తుంది, ఆఫీస్‌లో లేటవుతుంది. రెండు క్లాసులు పోయాక మిగతావాళ్లు ముందుకెళ్లిపోయారు, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్లను అనుకుని మూడోదానికి కావాలని రారు. అందుకే ఏ క్లాస్‌కి ఆ క్లాస్ పూర్తయ్యేలా ప్లాన్ చేసుకోండి, నిన్నటిది రాకపోయినా ఈరోజుది చేయగలిగేలా. ఎవరైనా ఒకసారి రాకపోతే మర్నాడే విడిగా మెసేజ్ పెట్టండి, గ్రూప్‌లో అడగొద్దు, ఎందుకు రాలేదు అని కూడా అడగొద్దు, వచ్చే క్లాస్‌లో చేయబోయేది ఫలానా, మీకు జంట ఫలానా వాళ్లు అని చెప్పండి. తన కోసం ఒకరు అక్కడ ఎదురుచూస్తున్నారని తెలిస్తే చాలామంది వచ్చేస్తారు. ఇక మీ ప్రశ్నలు అడగండి, బ్యాచ్ ఆల్రెడీ నడుపుతున్నవాళ్లు ఉంటే ముందు వాళ్లది విందాం.