తల్లికి వందనం స్టేటస్‌లో 'ఇనెలిజిబుల్' అని వస్తే కారణం ఎక్కడ పట్టుకోవాలి?

అందరికీ నమస్తే. తల్లికి వందనం అంటే చదువుకునే పిల్లల తల్లులకు ఏపీ ప్రభుత్వం డబ్బులిచ్చే పథకం. పక్కింటివాళ్లకు ఆ డబ్బులు పడ్డాయి, మనకు పడలేదు. సచివాలయంలో అడిగితే అనర్హుల లిస్టులో ఉందన్నారు. ఎందుకంటే, సిస్టమ్‌లో అలా చూపిస్తోందన్నారు. ఆ సిస్టమ్‌లో ఏముందో, అది ఎక్కడి నుంచి వచ్చిందో ఇవాళ చూద్దాం.

స్క్రీన్ చూడండి. ఇది ఎన్‌బీఎం పోర్టల్, అంటే పథకాల లబ్ధిదారుల వివరాలు చూసుకునే ప్రభుత్వ వెబ్‌సైటు. అప్లికేషన్ స్టేటస్ నొక్కాను. స్కీము, సంవత్సరం, ఆధార్, క్యాప్చా, ఓటీపీ... అంతే, వచ్చేసింది. ఆధార్ అంటే తల్లిది, పిల్లలది కాదు. ఓటీపీ ఆమె ఆధార్‌కు లింకైన ఫోనుకే వస్తుంది, ఆ ఫోను పక్కన పెట్టుకోండి. ఓటీపీ ఎవరికీ ఫోన్లో చెప్పొద్దు. నాకైతే వాట్సాప్‌లో ప్రభుత్వ సేవలు అందించే మన మిత్ర ఇంకా తేలిక. 95523 00009 నంబరుకు హాయ్ అని పెడితే మెనూ వస్తుంది. అందులో మీ పథకం ఎంచుకుని అక్కడ కూడా చూసుకోవచ్చు.

ఇదిగో, ఈ లైను. రిమార్క్స్. పైన ఇనెలిజిబుల్ అన్న మాట చూడగానే టెన్షన్ పడి పేజీ మూసేస్తాం. అసలు సంగతి ఈ కింది లైనులోనే ఉంది. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

ఈ కారణం మీ ఊరి సచివాలయంలో ఎవరో కూర్చుని రాసింది కాదు. మీ ఇంట్లో అందరి ఆధార్ నంబర్లను ఒక్కో శాఖ రికార్డుతో పోల్చి చూస్తారు. దాన్నే ఆరు దశల పరిశీలన అంటున్నారు. గబగబా చెప్పేస్తాను, స్క్రీన్ మీద ఉంది. కుటుంబ ఆదాయం నెలకు పల్లెలో 10,000, పట్నంలో 12,000 దాటకూడదు. మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాలు, రెండూ కలిపినా 10 దాటకూడదు. నాలుగు చక్రాల సొంత బండి ఉండకూడదు. ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరుకు మినహాయింపు ఉంది. ప్రభుత్వ ఉద్యోగం, ఆదాయపు పన్ను, పట్నంలో అయితే ఇంటి విస్తీర్ణం కూడా చూస్తారు.

ఇక కరెంటు. ఇక్కడ కాసేపు ఆగుదాం.

నిబంధన ప్రకారం ఏడాది సగటు నెలకు 300 యూనిట్లు దాటకూడదు. మా వదినకు ఈ కారణమే వచ్చింది. వాళ్లింట్లో రెండు ఫ్యాన్లు, ఒక ఫ్రిజ్, ఏసీ కూడా లేదు. బిల్లులన్నీ ముందేసుకుని చూస్తే ఏ నెలా 120 యూనిట్లు దాటలేదు. మరి 300 ఎక్కడిది? అంతకుముందు అద్దెకున్న ఇంటి మీటరుకు ఆమె ఆధార్ ఎక్కించి ఉంది. ఇల్లు ఖాళీ చేసినా లింకు అలాగే ఉండిపోయింది. ఆ మీటరు మీద ఇప్పుడు కింద షాపు నడుస్తోంది. ఆ యూనిట్లన్నీ మా వదిన లెక్కలో పడ్డాయి.

కాబట్టి మీ ఇంటి బిల్లు పట్టుకుని వాదించకండి. "నా ఆధార్‌కు ఏయే సర్వీస్ నంబర్లు లింకయ్యాయి?" ఇదీ అడగాల్సిన ప్రశ్న. సచివాలయంలో ఎనర్జీ అసిస్టెంట్‌ను అడగండి, అక్కడ తేలకపోతే కరెంటు ఆఫీసు. మీది కాని నంబరు కనబడితే, దాన్ని తొలగించమని అర్జీ రాసి ఇవ్వండి. ఆధార్ జిరాక్సు, మీ బిల్లులు జత చేయండి. సరిచేశామని కాగితం తీసుకోండి. ఆ తర్వాతే సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్ దగ్గర గ్రీవెన్స్, అంటే ఫిర్యాదు పెట్టించండి, దాని నంబరు రాసుకోండి. ముందే గ్రీవెన్స్ పెడితే సిస్టమ్ మళ్లీ ఆ పాత రికార్డే చూస్తుంది, మళ్లీ అదే జవాబు వస్తుంది. ఈ వరుస మాత్రం మార్చకండి. నిజంగా మీ ఇంటి సగటే 300 దాటితే మాత్రం తిరిగి ప్రయోజనం లేదు, ఆ మాట ముందే చెబుతున్నాను.

మిగతావీ ఇంతే. రికార్డు ఏ శాఖదైతే ఆ శాఖకే వెళ్లాలి. కారు అమ్మేసినా ఆర్సీ మీ పేరునే ఉంటే రవాణా శాఖ. భూమి తప్పుగా ఎక్కితే రెవెన్యూ. పెళ్లయి వేరు కాపురం పెట్టినా హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో, అంటే ఎవరు ఏ కుటుంబంలో ఉన్నారో చూపే రికార్డులో ఇంకా అత్తమామలతోనే ఉంటే, మామగారి కారు కూడా మీ లెక్కలోకి వస్తుంది. ఇదొక్కటి సచివాలయంలోనే అడగాలి.

ఇంకొకటి, దీన్ని పైవాటితో కలపకండి. స్టేటస్‌లో ఎలిజిబుల్ అనే ఉంటుంది, డబ్బు మాత్రం పడదు. అది బ్యాంకు సమస్య. 15,000 బదులు 13,000 పడితే అది సమస్యే కాదు, మిగతా 2,000 బడి నిర్వహణకు పోతుంది. అసలేమీ పడకపోతే బ్యాంకుకు వెళ్లి 'ఆధార్ లింకైందా' అని అడిగితే చాలదు, అయిందనే అంటారు. ఎన్‌పీసీఐ మ్యాపింగ్ అయిందా అని అడగండి, అంటే ప్రభుత్వ డబ్బు మీ ఆధార్ మీద ఏ బ్యాంకుకు రావాలో చూపే లింకు. రెండు మూడు ఖాతాలుంటే, చివరగా ఏ బ్యాంకులో ఆ మ్యాపింగ్ చేయించారో అందులోనే పడుతుంది. బీరువాలో పడేసిన పాత పాస్‌బుక్కులు కూడా తీసుకెళ్లి ఎంట్రీ వేయించి చూడండి.